పాత కారు మీటర్లను పారేసే ముందు ఒకసారి విప్పి చూడండి

సంపాదకులకు నమస్కారాలు.

మీ పత్రిక జిల్లా అనుబంధంలో పాత కార్ల పునరుద్ధరణ గురించి వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. ఇంజను పని, తుప్పు తొలగించడం, రంగు, సీట్ల పని గురించి అందులో శ్రద్ధగానే రాశారు. అయితే డ్యాష్‌బోర్డు మీది మీటర్ల దగ్గరికి వచ్చేసరికి, పాతవి పనిచేయకపోతే వాటిని తీసేసి డిజిటల్ మీటర్లు బిగించుకోవడమే మేలని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ సలహా సరైనది కాదు. దాన్ని నమ్మి ఎవరైనా మళ్లీ దొరకని మీటర్లను పాత ఇనుప సామాన్ల వాళ్లకు వేసేస్తారేమోనన్న ఆందోళనతో ఈ లేఖ రాస్తున్నాను. ఏం చేయకూడదో చెప్పి వదిలేస్తే సరిపోదు, ఏం చేయవచ్చో కూడా చెప్పాలి కనుక కొంత పొడవుగా రాయక తప్పడం లేదు.

నేను కాజీపేట డీజిల్ లోకో షెడ్డులో మీటర్ల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇంజను క్యాబ్‌లో డ్రైవరు ఎదుట ఉండే గాలి ఒత్తిడి గేజీలను, ఆంపియర్ మీటర్లను, వేగాన్ని నమోదు చేసే యంత్రాలను విప్పడం, శుభ్రం చేయడం, సరిచూసి తిరిగి బిగించడం నా ఉద్యోగం. బ్రేకు పైపులో 5 కిలోల ఒత్తిడి ఉందని గేజీ చూపిస్తే, ఆ ముల్లును నమ్మి డ్రైవరు బండి నిండా జనాన్ని ఎక్కించుకొని కదులుతాడు. ఆ పనిలో జీవితం గడిపినందువల్ల మీటరును కారుకు పెట్టిన అలంకారంగా చూడడం నాకు ఏనాడూ అలవాటు కాలేదు.

నేను చెప్పబోయే కారు 1966 నాటి ఎంజీబీ. రెండే సీట్లు, మడిచిపెట్టే పైకప్పు ఉన్న స్పోర్ట్స్ కారు. ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 వరకు ఈ మోడల్‌ కార్లు అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి. ఆ దేశంలో పై చదువు చదివి వచ్చిన హన్మకొండ డాక్టరు గారొకరు దీన్ని వెంట తెచ్చుకున్నారు. ఆయన కాలం చేశాక అది చాలా ఏళ్లు ఇంటి వెనుక రేకుల షెడ్డులో తార్పాలిన్ కింద ఉండిపోయింది. ఇంజినీరింగ్ చదివిన ఆయన మనవడు దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని పూనుకొని, ఇంజను పని, రంగు పని ముగించాక మీటర్ల కోసం నా దగ్గరికి వచ్చాడు. అప్పటికే ఒక దుకాణంలో చూపిస్తే, అన్నీ చచ్చిపోయాయి, కొత్త సెట్టు వేయాల్సిందే అన్నారట. మా రెండు కుటుంబాలకు పాత పరిచయం ఉంది కనుక నన్ను మామా అని పిలుస్తాడు. "మామా, మీరొక్కసారి చూడుండ్రి. మా తాత రోజూ చూసిన ముళ్లు ఇవి. పారెయ్యబుద్ధయితలేదు" అన్నాడు. దసరా వెళ్లాక మొదలుపెట్టిన పని సంక్రాంతి నాటికి పూర్తయింది.

ఆ డ్యాష్‌బోర్డు మీద స్మిత్స్ కంపెనీ మీటర్లు నాలుగున్నాయి. స్పీడోమీటరు, ఇంజను చుట్లను చూపే టాకోమీటరు, పెట్రోల్ మీటరు, ఒకే డయల్‌లో రెండు ముళ్లతో ఆయిల్ ఒత్తిడినీ నీటి వేడినీ చూపే గేజీ. అంటే మొత్తం అయిదు ముళ్లు. చచ్చిపోయాయని తేల్చిన ఆ అయిదింటిలో నిజంగా లోపల దెబ్బతిన్నవి రెండే. ఆ రెండూ కూడా వయసు మీరి చెడిపోలేదు, తెలియని చేతులు పడి చెడిపోయాయి. ఈ లేఖలో నేను గట్టిగా చెప్పదలచుకున్న విషయం ఇదే కనుక, ఒక్కొక్కటిగా వివరిస్తాను.

పెట్రోల్ మీటరుతో మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువమంది అనవసరంగా మార్చేది దాన్నే. తాళం తిప్పగానే ఈ కారులో ముల్లు నెమ్మదిగా లేచి, నిండు గుర్తు దాటి అక్కడే ఉండిపోయేది. ట్యాంకులో మాత్రం అంత పెట్రోలు లేదు. మీటరు పోయిందని దుకాణంలో అన్నది దీన్ని చూసే. కానీ ముల్లు నెమ్మదిగా లేస్తున్నదంటేనే అది రెండు లోహాల పట్టీతో పనిచేసే రకమని, ఆ పట్టీ బతికే ఉందని అర్థం. ఈ రకం మీటరు లోపల పట్టీ చుట్టూ సన్నని తీగ ఉంటుంది. ట్యాంకులోని తేలే బంతి కదలికను బట్టి ఆ తీగలో కరెంటు పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ వేడికి పట్టీ వంగి ముల్లును నెడుతుంది. బ్యాటరీ వోల్టేజి మాత్రం ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఇంజను ఆగి ఉన్నప్పుడు 12 దగ్గర, నడుస్తున్నప్పుడు 14 దగ్గర ఉంటుంది. దాన్ని నేరుగా ఇస్తే ట్యాంకులో పెట్రోలు పెరగకుండానే ముల్లు పెరుగుతుంది. అందుకని డ్యాష్‌బోర్డు వెనుక అగ్గిపెట్టె కంటే చిన్నదైన ఒక డబ్బా పెట్టారు. అదే వోల్టేజ్ స్టెబిలైజర్. దాని లోపల కూడా రెండు లోహాల పట్టీయే ఉంటుంది. వేడెక్కితే వంగి కాంటాక్టు విడిపోతుంది, చల్లారితే మళ్లీ అంటుకుంటుంది. ఇలా క్షణక్షణమూ తెగుతూ కలుస్తూ సగటున 10 వోల్టులు అందిస్తుంది. మీటరు కూడా నిదానంగా కదిలేదే కనుక ఆ తెగడం, కలవడం ముల్లు మీద కనిపించవు.

స్టెబిలైజర్‌లోని పట్టీని వేడిచేసే తీగకు ఎర్త్, అంటే కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి, అందేది డబ్బా ఒంటి నుంచే. డబ్బాను బాడీకి బిగించిన స్క్రూ దగ్గర ఎర్త్ తెగితే పట్టీ వేడెక్కదు, కాంటాక్టు విడిపోదు, బ్యాటరీ వోల్టేజి మొత్తం మీటరుకు పోతుంది. మేము చూసిన కారులో సరిగ్గా ఇదే జరిగింది. బాడీకి కొత్త రంగు వేసినప్పుడు, స్టెబిలైజర్ కూర్చునే చోట కూడా మందంగా రంగు పట్టింది. రూపాయి బిళ్లంత మేర గరుకు కాగితంతో రంగు గీకి, స్క్రూ మళ్లీ బిగించగానే ముల్లు ఉండవలసిన చోటికి దిగి వచ్చింది. ఆ రోజు మాకు అయిన ఖర్చు గరుకు కాగితం ముక్క. ఈ మీటరునే మార్చి కొత్తది వేసి ఉంటే, ఎర్త్ లేని ఆ స్టెబిలైజర్ మీదే అదీ తప్పు చూపించేది. కొత్తదీ పనికిరానిదేనని తేల్చి డిజిటల్ వైపు వెళ్లేవారు.

దీన్ని పరీక్షించేవారికి రెండు జాగ్రత్తలు చెప్పాలి. డిజిటల్ మల్టీమీటరుతో స్టెబిలైజర్‌ను చూస్తే అంకెలు సున్నాకూ పన్నెండుకూ మధ్య గెంతుతుంటాయి. అది లోపం కాదు, దాని స్వభావమే అంత. చిన్న 12 వోల్టుల బల్బును కలిపి చూస్తే అది వెలిగి ఆరుతూ ఉండాలి. ఆగకుండా వెలిగితే ఎర్త్ చూడండి, అసలు వెలగకపోతే డబ్బానే చూడండి. రెండోది, పరీక్ష పేరుతో ఈ రకం పెట్రోల్ మీటరుకు బ్యాటరీ నుంచి నేరుగా వైరు ఇవ్వకూడదు. లోపలి సన్నని తీగ కాలిపోతే బాగున్న మీటరు నిజంగానే పోతుంది. స్టెబిలైజర్‌ను తిరిగి బిగించేటప్పుడు కూడా పైన ఉండాల్సిన అంచు పైకే వచ్చేలా చూసుకోవాలి, ఎందుకంటే లోపల పనిచేసేది వేడి.

ఇక మీటర్లను బయటికి తీయడం గురించి. మొట్టమొదట బ్యాటరీ తప్పించాలి. ఈ కారులో సీట్ల వెనుక 6 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపి ఉంటాయి, పైగా ప్లస్ వైపు బాడీకి ఎర్త్ అయి ఉంటుంది. ఈనాటి కార్లన్నింటిలో మైనస్ ఎర్త్ కనుక ఈ ఒక్క విషయం తెలియకపోవడం వల్ల ఎంత నష్టం జరుగుతుందో టాకోమీటరు దగ్గర చెబుతాను. వైర్లు విప్పేముందు ఫొటోలు తీసి, ఒక్కొక్క వైరుకు కాగితపు టేపు చుట్టి పేరు రాయడం మా షెడ్డులో నేర్చుకున్న పద్ధతి. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో వైర్ల రంగులకు ఒక నియమం ఉంది: నలుపు ఎర్త్, తెలుపు తాళం నుంచి వచ్చే కరెంటు, ఆకుపచ్చ ఫ్యూజు దాటి వచ్చే కరెంటు, ఎరుపు మీద తెల్ల గీత డయల్ దీపాలకు, ఆకుపచ్చ మీద నల్ల గీత ట్యాంకు నుంచి పెట్రోల్ మీటరుకు. అరవై ఏళ్ల దుమ్ము తుడిస్తే ఆ రంగులు ఇంకా కనబడ్డాయి. మధ్యలో ఎవరో అతికిన నీలం వైర్లే మమ్మల్ని తికమక పెట్టాయి.

డయల్ మీది అద్దాన్ని, దాని చుట్టూ ఉన్న క్రోమ్ రింగును తీయడం చాలామంది స్క్రూడ్రైవరుతో పెకిలించి పాడుచేసే పని. ఆ రింగుకు లోపలి వైపు చిన్న చిన్న నాలుకలు ఉంటాయి, మీటరు డబ్బా అంచుకు వాటికి సరిపడే గాట్లు ఉంటాయి. రింగును తిప్పి నాలుకలు గాట్ల ఎదుటికి వస్తే అది దానంతట అదే ఊడి వస్తుంది. తిరగకపోవడానికి కారణం లోపలి రబ్బరు రింగు ఎండి అద్దానికీ రేకుకూ అతుక్కుపోవడం. అంచు వెంట చొచ్చుకుపోయే నూనె చుక్కలు వేసి, ఒక రాత్రి ఉంచి, రెండు అరచేతులతో పట్టి తిప్పాలి. అప్పటికీ కదలకపోతే చెక్క ముక్కతో చుట్టూ మెల్లగా తట్టాలి. మాకు స్పీడోమీటరు రింగు మూడో రోజు కదిలింది. అప్పటికే ఎవరో పెకిలించబోయిన చోట సొట్ట పడి ఉంది. దాన్ని పెంబర్తి లోహపు పనిలో చేయి తిరిగిన ఒకరి దగ్గరికి తీసుకెళ్తే, లోపలి వైపు చెక్క అచ్చు ఆనించి చిన్న సుత్తితో గుండ్రానికి తెచ్చి ఇచ్చారు. ఇంత దగ్గరలో అలాంటి చేయి ఉండగా రింగు కోసం విదేశానికి ఆర్డరు పెట్టాలన్న ఆలోచన ఎవరికైనా ఎందుకు రావాలి?

స్పీడోమీటరు ముల్లు కొట్టుకునేది, ఒక్కోసారి పైకి పోయి అక్కడే పట్టేసేది. గేరుబాక్సు నుంచి వచ్చే కేబులు మీటరు లోపల ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. ఆ అయస్కాంతానికి తగలకుండా దానిమీద అల్యూమినియం గిన్నె ఒకటి ఉంటుంది. అయస్కాంతం తిరిగితే గిన్నెలో పుట్టే విద్యుత్ సుడుల వల్ల గిన్నె కూడా దానితో తిరగాలని చూస్తుంది. చేతి గడియారంలో ఉండేలాంటి హెయిర్ స్ప్రింగు దాన్ని వెనక్కు లాగుతుంది. ఆ రెండింటి పెనుగులాట ఎక్కడ నిలిస్తే ముల్లు అక్కడ నిలుస్తుంది. జర్మనీకి చెందిన ఒట్టో షుల్జె 1902లో పేటెంటు పొందిన ఈ ఏర్పాటు, ముల్లు ఉన్న స్పీడోమీటర్లలో ఆ శతాబ్దమంతా నడిచింది. గిన్నెకూ అయస్కాంతానికీ మధ్య ఉండే సందు చాలా తక్కువ. అందులోకి గ్రీజు చేరితే గిన్నె అయస్కాంతంతో పాటు ఈడ్చుకుపోతుంది. ఆ గ్రీజు ఎక్కడి నుంచి వస్తుంది? కేబులు నుంచే వస్తుంది. కేబులు కీచుమంటోందని మెకానిక్కులు ఆ చివర నుంచి ఈ చివర దాకా గ్రీజు పట్టిస్తారు. తిరిగే కేబులు మర చుట్ల మాదిరిగా ఆ గ్రీజును పైకి మోసుకొచ్చి మీటరులో పోస్తుంది. గ్రీజు కేబులు కింది భాగానికి మాత్రమే, అదీ పలచగా పట్టించాలి. మీటరు వైపు కొన్ని అంగుళాలు పొడిగా వదిలేయాలి. స్కూటరు, ట్రాక్టరు స్పీడోమీటర్లకు కూడా ఇదే వర్తిస్తుంది కనుక, పాత కారు లేని పాఠకులు కూడా ఈ ఒక్క మాట గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

ముల్లును తీసేముందు చేయాల్సిన పని ఒకటుంది. డయల్ మీద సున్నా దగ్గర ఒక చిన్న మొల ఉంటుంది, ముల్లు దానికి ఆని నిలుస్తుంది. స్ప్రింగు అసలు విశ్రాంతి స్థానం మాత్రం అక్కడ కాదు, మొలకు కొంచెం కిందుగా ఉంటుంది. కనుక ముల్లును మెల్లగా ఎత్తి మొల దాటించి, అది తానుగా ఎక్కడ నిలుస్తుందో పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. ఆ గుర్తు లేకుండా ముల్లు పీకి, మళ్లీ సున్నా దగ్గరే గుచ్చితే ఆ మీటరు ఇక జీవితమంతా అబద్ధం చెబుతుంది. డయల్‌ను పెట్రోలుతోనో థిన్నరుతోనో తుడవకూడదు. అంకెల అచ్చు గుడ్డకు అంటుకొని వచ్చేస్తుంది. గడియారాలవాళ్ల రబ్బరు బల్బుతో ఊది, మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే చాలు. మన ప్రాంతపు గ్రానైటు దుమ్ము గరుకుగా ఉంటుంది, ముందు ఊదకుండా తుడిస్తే గీతలు పడతాయి. ఇంకా పాత కార్లలో, 1950ల వరకు, కొన్ని మీటర్ల అంకెలకూ ముళ్లకూ చీకట్లో మెరవడం కోసం రేడియం కలిపిన రంగు వాడారు. అలాంటి డయల్‌ను గీకడం, ఊదడం ఆరోగ్యానికి ప్రమాదం. అది నిపుణులు చేయాల్సిన పని.

శుభ్రమైన స్పీడోమీటరు నిజం చెబుతోందో లేదో తెలుసుకోవడానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. స్మిత్స్ డయల్ కింది భాగంలో చిన్న అక్షరాల్లో 1000 అనో 1280 అనో ఒక అంకె ఉంటుంది. ఒక మైలు ప్రయాణానికి కేబులు ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకె అది. గంటకు 60 మైళ్లంటే నిమిషానికి ఒక మైలు. కాబట్టి వేగం తగ్గించగల డ్రిల్లు మిషనుతో మీటరు ఇరుసును నిమిషానికి సరిగ్గా అన్ని చుట్లు తిప్పితే ముల్లు 60 మీద నిలవాలి. తయారుచేసినవారు డయల్ మీదే పరీక్ష రాసి పెట్టారని ఆ కుర్రవాడికి చూపించినప్పుడు అతని ముఖంలో కనిపించిన ఆనందం నాకు ఇంకా గుర్తుంది. మాకు మొదట 57 దగ్గర నిలిచింది, హెయిర్ స్ప్రింగును కాస్త సవరిస్తే సరిపోయింది. తరువాత జాతీయ రహదారి 163 మీద జనగామ వైపు కిలోమీటరు రాళ్లతో కూడా సరిచూశాం. 16 రాళ్లు దాటేసరికి మైళ్ల అంకె 10కి వెంట్రుకవాసి దూరంలో ఉంది.

ఆయిల్ ఒత్తిడి ముల్లుకు నేను చేసింది తక్కువ. వంచిన గొట్టంలోకి ఒత్తిడి ఎక్కితే గొట్టం విచ్చుకుంటుంది, ఆ కదలిక ముల్లుకు చేరుతుంది. ఫ్రెంచి ఇంజినీరు యూజీన్ బోర్డన్ 1849లో కనిపెట్టిన ఈ గొట్టమే ఆవిరి ఇంజన్ల బాయిలరు గేజీలోనూ, నా చేతుల మీదుగా పోయిన బ్రేకు గేజీల్లోనూ ఉంది. గొట్టం బాగానే ఉంది. పైపు కలిసే చోట ఉండే తోలు వాషరు ఎండిపోవడంతో ఆయిలు కారుతోంది. కొత్త తోలు వాషరు కోసి వేశాం. సరిచూసిన మరో గేజీ పక్కన పెట్టి గాలి ఒత్తిడితో పోల్చి చూస్తే తేడా లేదు. నడుస్తున్నప్పుడు 50 నుంచి 80 పౌండ్లు ఉండాలని కారు పుస్తకంలో ఉంది, అంతే చూపుతోంది.

అదే డయల్‌లో ఉన్న వేడి ముల్లు కథ వేరు. ఇంజను తలలో ఒక చిన్న బల్బు, అక్కడి నుంచి మీటరు దాకా వెంట్రుకలాంటి రంధ్రం ఉన్న రాగి గొట్టం, లోపల ఈథరు. నీళ్లు వేడెక్కితే ఈథరు ఆవిరి ఒత్తిడి పెరిగి ముల్లు లేస్తుంది. బల్బు, గొట్టం, మీటరు మూడూ ఒకటే వస్తువు, విడదీయడానికి వీల్లేదు. ఇంజను వైపు నట్టు విప్పి బల్బును బయటికి తీసి, గొట్టం మొత్తాన్ని డ్యాష్‌బోర్డులోంచి లాక్కోవాలి. మొదట చూసిన దుకాణంలో అంత ఓపిక లేక గొట్టాన్ని కటింగ్ ప్లయరుతో కత్తిరించారు. కత్తిరించిన మరుక్షణం ఈథరు పోయింది, మీటరు చచ్చింది. ఆ తరువాత మీటరు చచ్చిందని వాళ్లే చెప్పారు. నా సర్వీసులో ఎన్నో పాడైన గేజీలను చూశాను గానీ, ఆ తెగిన గొట్టం చివరను చేతిలోకి తీసుకున్నప్పుడు కలిగినంత బాధ ఎప్పుడూ కలగలేదు. దీన్ని బాగుచేయడం సాధ్యమే. మరో గేజీ నుంచి తీసిన బల్బును, గొట్టాన్ని అతికి, మంచులో చల్లబరిచి ఈథరు నింపి టంకం వేస్తారు. ఈథరు చాలా సులభంగా అంటుకునే ద్రవం, టంకానికి వేడి కావాలి. ఈ రెండూ పక్కపక్కన ఉండే పనిని ఇంట్లో ఎవరూ చేయకూడదు. మేము దాన్ని ఆ పనే చేసే వేరే ఊరి నిపుణుడికి పంపించాం. పాత డయల్, పాత ముల్లు అలాగే ఉంచమని కోరాం. తిరిగి వచ్చాక బల్బును వంటింట్లో మరిగే నీళ్ల గిన్నెలో ముంచి, పక్కన థర్మామీటరు పెట్టి చూశాం. వరంగల్ సముద్రమట్టానికి దాదాపు 270 మీటర్ల ఎత్తున ఉంది కనుక ఇక్కడ నీళ్లు 100కు ఒక డిగ్రీ తక్కువలోనే మరుగుతాయి. ఆ సంగతి తెలియక మీటరే ఒక డిగ్రీ తప్పు చూపుతోందని అనుకోకూడదు.

టాకోమీటరును చంపింది కూడా మనిషే. కారు ప్లస్ ఎర్త్ అని చూసుకోకుండా ఎవరో బ్యాటరీలను తిప్పి కలిపారు. దీపాలు వెలిగాయి, స్టార్టరు తిరిగింది, అందుకే తప్పు జరిగినట్లు వారికి తెలియలేదు. కానీ ఆ మీటరు లోపల ట్రాన్సిస్టర్లు ఉన్నాయి, అవి తలకిందుల కరెంటును తట్టుకోలేవు. హన్మకొండలో పాత రేడియోలు బాగుచేసే పెద్దమనిషి ఒకరు ఒక సాయంత్రం కూర్చొని పాడైనదాన్ని మార్చి ఇచ్చారు. ఈ మీటరుకు ఇంకో ప్రత్యేకత ఉంది. తాళం నుంచి ఇగ్నిషన్ కాయిలుకు వెళ్లే తెల్ల వైరు దారిలో మీటరు వెనుక ఒక మెలిక తిరుగుతుంది. ఆ మెలికలోంచి పోయే కరెంటు తరంగాలను లెక్కపెట్టి మీటరు ఇంజను చుట్లను చెబుతుంది. మెలిక దిశ తారుమారైతే అన్నీ బాగున్నా ముల్లు లేవదు. ఫొటో తీసుకోమని నేను ముందు చెప్పింది ఇందుకే. నాలుగు సిలిండర్ల ఇంజనులో చుట్టుకు రెండు నిప్పురవ్వలు పడతాయి కనుక 3,000 చుట్ల దగ్గర సెకనుకు 100 తరంగాలు రావాలి. పుల్లీకి అతికిన తెల్ల కాగితం మీద చేతి టాకోమీటరు కాంతిని వేసి రెండు అంకెలనూ పోల్చాం, సరిపోయాయి.

తిరిగి బిగించేటప్పుడు తొందరపడితే చేసిన పనంతా వృథా అవుతుంది. ప్రతి మీటరునూ ముందు బల్ల మీద, మధ్యలో ఫ్యూజు పెట్టి పరీక్షించాం. అద్దాలకు కొత్త రబ్బరు రింగులు వేశాం, డయల్ దీపాలకు అదే 2.2 వాట్ల మర బల్బులు వేశాం. రబ్బరు, బల్బులు, కేబులు వంటివి కొత్తవి వేయడంలో తప్పు లేదు, అవి అరిగిపోవడానికే ఉన్నాయి. మీటర్ల నల్ల ఎర్త్ వైర్లన్నీ ఒకదాని నుంచి మరొకదానికి గొలుసుగా వెళ్తాయి, అందులో ఒక్కటి వదులైనా దాని తరువాతి దీపాలన్నీ మసకబారతాయి. అద్దం మూసేముందు లోపలి వైపు వేలిముద్ర ఉందేమో వెలుతురుకు పట్టి చూశాం. రెండుసార్లు విప్పి మళ్లీ తుడవాల్సి వచ్చింది. సాయంత్రం చీకటి పడ్డాక లైటు స్విచ్చి లాగితే నాలుగు డయళ్లూ ఒకే తీరుగా మెల్లగా వెలిగాయి. డాక్టరు గారి భార్యను కుర్చీ వేసి కారు పక్కన కూర్చోబెట్టారు. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

డిజిటల్ మీటరు పెట్టుకోవడంలో తప్పేముందని అడిగేవారికి రెండు మాటలు చెబుతాను. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలను సవరించి, 50 ఏళ్లు దాటిన వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసే పద్ధతి తెచ్చింది. కొత్త నమోదుకు 20,000 రూపాయల రుసుము, నంబరులో వీఏ అనే అక్షరాలు, పదేళ్ల గడువు. వాహనం అసలు రూపంలో ఉండాలన్నది అందులో ముఖ్యమైన షరతు. చాసిస్, బాడీ, ఇంజను మార్పుల గురించి అది స్పష్టంగా చెబుతుంది. మీటర్ల పేరు అందులో విడిగా కనిపించకపోవచ్చు. అయినా అసలు రూపం అంటే బయటి రేకు ఒక్కటే కాదని నా అభిప్రాయం. కారులో కూర్చున్న మనిషి ఎక్కువసేపు చూసేది డ్యాష్‌బోర్డునే. ఇక డిజిటల్ మీటరు కోసం డ్యాష్‌బోర్డు రేకులో రంధ్రాలు పెద్దవి చేస్తారు, పాత వైర్లు కత్తిరిస్తారు. ఆ తరువాత మనసు మారినా వెనక్కి వెళ్లే దారి ఉండదు.

ఈ పని తెలిసినవాళ్లు మన ప్రాంతంలో లేరని కూడా మీ వ్యాసంలో అన్నారు. ఉన్నారు, కానీ వాళ్ల పేరు వేరు. హెయిర్ స్ప్రింగు సవరించడం తెలిసిన గడియారాల రిపేరువాళ్లు వరంగల్‌లో, కరీంనగర్‌లో ఇంకా ఉన్నారు. చేతి గడియారాల పని తగ్గి వాళ్ల దుకాణాలు బ్యాటరీ మార్చే దుకాణాలుగా మారుతున్నాయి. వాళ్లకు ఒక స్పీడోమీటరును విప్పి చూపిస్తే పది నిమిషాల్లో అర్థమవుతుంది. ఐటీఐల్లో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ అనే రెండేళ్ల ట్రేడు ఉంది. ఆ ట్రేడు నేర్పే చోట్ల ప్రయోగశాలలో ఒక బల్ల మీద అంబాసిడర్ డ్యాష్‌బోర్డునో పాత ట్రాక్టరు మీటర్ల పలకనో పెట్టి, విప్పి బిగించడం విద్యార్థుల చేత చేయిస్తే బాగుంటుందని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అందులోని సూత్రాలు ఈ ఎంజీబీలోనివే. పల్లెల్లో ఎన్నో ట్రాక్టర్లు వేడి మీటరు పనిచేయకుండానే దుక్కి దున్నుతున్నాయి. నీళ్లు మరిగి, హెడ్డు వంగి, రైతు వేల రూపాయలు పోసే దాకా ఆ సంగతి ఎవరికీ పట్టదు. ఆ మీటరును సరిచేసే చేయి మండలానికి ఒక్కటైనా ఉంటే ఎంత మేలో ఆలోచించండి. ఈ విషయంలో ఏ ఐటీఐ పిలిచినా వెళ్లి నాకు తెలిసింది చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను, నాకు పారితోషికం ఏమీ అవసరం లేదు.

మీ వ్యాసంలో ఆ ఒక్క వాక్యాన్ని సవరిస్తూ చిన్న వివరణ వేయాలని మనవి. స్థలం తక్కువైతే మూడు సంగతులు వేసినా చాలు: స్టెబిలైజర్ ఎర్త్ చూడకుండా పెట్రోల్ మీటరు మార్చవద్దు, వేడి మీటరు గొట్టం కత్తిరించవద్దు, కారు ప్లస్ ఎర్తో మైనస్ ఎర్తో తెలుసుకోకుండా బ్యాటరీ కలపవద్దు.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. స్పీడోమీటరును విప్పినప్పుడు మైళ్ల అంకెల చక్రాలను కూడా బయటికి తీసి కడగాల్సి వచ్చింది. చక్రాలు చేతిలో విడిగా ఉన్నప్పుడు వాటిని ఏ అంకెకైనా పెట్టుకోవచ్చు. కొత్త బతుకు మొదలవుతోంది కనుక సున్నాలు పెడదామా అని ఆ కుర్రవాడు అడిగాడు, వెంటనే తానే వద్దన్నాడు. డాక్టరు గారికి పెట్రోలు పోయించిన ప్రతిసారీ మైళ్లు రాసుకునే అలవాటు ఉండేది. ఆ పుస్తకం వాళ్ల ఇంట్లో దొరికింది. చివరి పేజీలో ఉన్న అంకెకూ మేము విప్పేముందు ఫొటోలో ఉన్న అంకెకూ మధ్య తేడా 11 మైళ్లు. ఆయన చివరిసారి పెట్రోలు పోయించి ఇంటికి వచ్చాక, మరెక్కడికో వెళ్లి వచ్చి కారును షెడ్డులో పెట్టి ఉంటారు. చక్రాలను ఫొటోలోని అంకె దగ్గరే కలిపి బిగించాం.

ఇట్లు,
విశ్రాంత రైల్వే ఉద్యోగి,
కాజీపేట, హన్మకొండ జిల్లా.